ఎదురుకాళ్ళ దెసొలీనా నడుం

ఏవిటే ఆ చప్పుడు? కుర్చీ విరిగిందా, నువ్వు విరిగావా? నడుమా! ఏదీ, ఇంకోసారి విరువు చూద్దాం... ఒద్దొద్దు, నోరు జారి అన్నాను, విరవకు. రోజూ ఇంతేనా నువ్వు? ఆఫీసులో కూడానా, అందరి ముందూనా? బాగుంది సంబడం. మంచిదా చెడ్డదా అని నన్నడుగుతావేం, ఆ చేతిలో ఫోనుంది గదా, దాన్నడుగు. అడిగావా? ఏవంది? ఒకడు ఏం ఫర్వాలేదన్నాడు, ఇంకోడు కాళ్ళు పడిపోతాయన్నాడు. చూశావా మరి! నాకూ అంతవరకే తెలుసు. పెళ్ళి కాకముందు నించీ ఇదే సందేహం నాకు, ఇప్పటికీ తేలలేదు. దెసొలీనాని చూసిన దగ్గర్నించీ పట్టుకుంది. దెసొలీనా ఎవరంటావేంటే, మీ అమ్మకి జ్ఞానస్నానం నాడు గుళ్ళో ఎత్తుకున్నది ఆవిడే. నువ్వు పలక పట్టిన ఏడు పోయింది. నిన్నూ ఎత్తుకుంది, నువ్వు ఆవిడ మీద పాలు కక్కావు, అదేం గుర్తుంటుందిలే నీకు. రా, ఇలా వచ్చి కూచో, ఆ బల్ల మీద మోచేతులు పెట్టుకో, నిటారుగా కూచోమని ఎవరన్నారు నిన్ను. ఈ చిక్కుళ్ళు వలుస్తూ విను. చేతులు ఊరికే ఉంటేనే నడుం మీదకి పోతుంది బుద్ధి.

మేమిద్దరం రెజ్జో వైపు వాళ్ళం గదా. పక్కపక్క ఊళ్ళు. కానీ ఆవిణ్ణి నేను చూసింది ఇక్కడికొచ్చే రైల్లోనే. ఆ రోజుల్లో వేసంగి మొదలవగానే మా ఊళ్ళల్లో ఆడపిల్లలందరం మూట కట్టుకుని, గడ్డి టోపీ పెట్టుకుని, ఈ వెర్చెల్లి వైపు వరి మళ్ళల్లో కలుపు తియ్యడానికి బండెక్కేసేవాళ్ళం. నాకు అదే మొదటిసారి, ఆవిడకి అప్పటికే చాలా ఏళ్ళ అలవాటు. రైల్లో నేను కిటికీ పక్కన కూచుంటే వచ్చి, 'లేవవే పిల్లా, నడుం వాల్చాలి' అంది. అదీ మొదటి మాట. లేచాను. మనిషి పుల్లలా ఉండేది, నోరు మాత్రం మేస్త్రి కంటే పెద్దది. లేవకపోతే కిటికీలోంచి గెంటేస్తుందేమో అనిపించింది. ఆ పని సంగతి నీకేం తెలుసు. మోకాళ్ళ దాకా నీళ్ళు, వరసగా నించుని వొంగామా, ఇంక లేవడం లేదు. వెనకాల గట్టు మీద మేస్త్రి కర్ర పట్టుకుని, 'వొంగండి, వొంగండి, ఆకాశంలో కలుపు లేదు' అనేవాడు. కప్పలు, జలగలు, దోమలు, వీపు మీద ఎండ. మొదటి వారం నడుం నొప్పి పెడుతుంది, రెండో వారం నడుమనేది ఉందో లేదో తెలీదు. ఆ తరవాత ఎప్పుడో ఒకరోజు, లేవబోతుంటే, కింద ఎముక దగ్గర కత్తి దిగినట్టు పట్టేస్తుంది చూడు, దాన్నే మంత్రగత్తె దెబ్బ అంటాం. అది తగిలిందంటే మనిషి వొంగినది వొంగినట్టే ఉండిపోవాలి. లేవలేదు, కూచోలేదు, ఏడవడానికి కూడా నడుం సహకరించదు.

దానికి మందు దెసొలీనా కాళ్ళు. అవునే, కాళ్ళే. ఎదురుకాళ్ళతో పుట్టింది ఆవిడ. తల ముందొచ్చినవాళ్ళ కాళ్ళకి ఆ గుణం రాదు, కాళ్ళు ముందొచ్చినవాళ్ళు తొక్కితేనే దెబ్బ దిగుతుంది. నవ్వకు! మేం పనిచేసే కమతం దొరసాని కూడా కారులో వచ్చి తొక్కించుకుని పోయింది తెలుసా. మేమందరం పడుకునే కొట్టంలో పైన ఇనప కడ్డీ ఒకటుండేది, దుప్పట్లు ఆరేసుకోవడానికి. ఆవిడ ఆ కడ్డీ రెండు చేతులతో పట్టుకుని వేలాడేది. కింద బోర్లా పడుకున్నదాని నడుం మీద ఒక్క పాదం పెట్టేది, బరువంతా చేతుల మీదే, పాదం మీద కాదు, అక్కడే ఉంది కిటుకు. మడమతో కాదు, పాదం పక్క అంచుతో, ఎడం నించి కుడికి, కుడి నించి ఎడానికి, మళ్ళీ కింద నించి పైకి. పడుకున్నది అడగాలి, 'ఏం తొక్కుతున్నావ్?' అని. ఆవిడ చెప్పాలి, 'మంత్రగత్తె దెబ్బని తొక్కుతున్నా.' 'గట్టిగా తొక్కు, మళ్ళీ రాకుండా తొక్కు.' అంతే. లేచి నడిచిపోయేవాళ్ళు. అందరూనా అంటే అందరూ కాదనుకో. కొందరు మర్నాటికి నడిచేవాళ్ళు, కొందరు నడిచామనేవాళ్ళు. మేస్త్రికీ తగిలింది ఓసారి. ఆదివారం, గుడికి బయల్దేరి బూటు లేసు కట్టుకోబోయి అలాగే ఉండిపోయాడు. ఇద్దరు మోసుకొచ్చారు. దెసొలీనా వచ్చి చుట్టూ తిరిగి చూసింది. 'వొంగండి వొంగండి అంటావుగా, ఇప్పుడు తెలిసిందా?' అని అప్పుడు కాలు పెట్టింది. అతనికి మాత్రం బరువు కాస్త ఎక్కువే వేసిందని నా అనుమానం. చిన్నపిల్లాడిలా కేకలు పెట్టాడు.

ఇంతకీ అసలు సంగతేంటంటే, అందరి నడుములూ ఆవిడ తొక్కుతుంది సరే, ఆవిడ నడుం ఎవరు తొక్కాలి? చెప్పు. ఆ కమతంలో అంతమంది ఆడవాళ్ళల్లో ఎదురుకాళ్ళది ఇంకొకతె లేదు. తలతో పుట్టినవాళ్ళు ఎదురుకాళ్ళవాళ్ళని తొక్కకూడదు. తొక్కితే నొప్పి పోకపోగా తొక్కినవాళ్ళకీ అంటుకుంటుందని మా పెద్దవాళ్ళు గట్టిగా చెప్పేవారు. దాంతో ఆవిడ వొంగుతుంది, మాలాగే వొంగుతుంది, సాయంత్రం మేం ఆవిడ కాళ్ళ కింద పడుకుంటాం, ఆవిడేమో కాలవ దగ్గరికి పోతుంది. అక్కడ మడికి నీళ్ళొదిలే తూము, దాని మీద అడ్డంగా పెద్ద దుంగ. ఆ దుంగ మీద వెల్లకిలా వాలి, తల అటు, కాళ్ళిటు వేలాడేసి, ఊపిరి బిగబట్టి ఒక్క విరుపు విరిచేది. ఫట్, ఫట్, ఫట్ అని కింద నించి మెడ దాకా. గట్టు మీదకి వినపడేది. 'హమ్మయ్య' అని లేచి, ముఖం కడుక్కుని, పాడుకుంటూ వచ్చేది. మాకందరికీ నవ్వు. 'దెసొలీనా విరిగింది, ఇంక అన్నం పెట్టండి' అనేవాళ్ళు. నాకైతే ఆ చప్పుడు ఎక్కణ్ణించి వస్తుందో చూడాలని ఒకటే ఇది. ఎముకకి ఎముక కొట్టుకుంటుందా? నరం తెగుతుందా? తెగితే మళ్ళీ అతుక్కుంటుందా? ఓ రోజు ఎవరూ చూడకుండా నేనూ పోయి ఆ దుంగ మీద వాలాను. చప్పుడు రాలేదు సరిగదా, జారి కాలవలో పడ్డాను. టోపీ కొట్టుకుపోయింది.

రెండో ఏడు వచ్చాక చూశాను, రోజుకోసారి విరిచేది కాస్తా పొద్దున, మధ్యాన్నం అన్నం వేళ, సాయంత్రం. విరిచినప్పుడు హాయిగా ఉంటుందిట, కాసేపటికే మళ్ళీ పట్టేస్తుందిట, మళ్ళీ విరవకపోతే ఊపిరాడదుట. 'ఎక్కువవుతోందేమో దెసొలీనా' అంటే, 'నీ నడుమా నా నడుమా' అని కసిరేది. సరేలే అని ఊరుకున్నాను. అలా ఉండగా ఒక మధ్యాన్నం గట్టెక్కి కాళ్ళు కడుక్కుంటున్నాం. ఆవిడ ఎడమ చీలమండ మీద జలగ. బాగా తాగి ఇంత లావైంది, రక్తం వేళ్ళ దాకా కారుతోంది. ఆవిడ హాయిగా రొట్టె తింటోంది. 'దెసొలీనా, కాలు!' అన్నాను. 'ఏ కాలు?' అంది. అప్పుడు వొంగి చూసుకుంది. జలగ పట్టడం తెలీదు సరే, అది ఎవరికీ తెలీదు. కానీ నేను దాన్ని లాగేసి, అక్కడ గోరుతో గట్టిగా గిచ్చాను. తెలీలేదే ఆవిడకి! నా ముఖంలోకి చూసి, 'గిచ్చావా?' అంది.  భయం వేసిందే, నిజంగా భయం వేసింది. ఆ కాలు పడిపోతే ఆవిడ గతేంటి? కలుపు తియ్యలేదు, నడుములు తొక్కలేదు. ఊళ్ళో వాళ్ళమ్మ, ఆవిడ తరవాత పుట్టిన పిల్లలు, ఆవిడ పట్టుకెళ్ళే బియ్యం బస్తా కోసం చూస్తుంటారు. 'ఎవరికైనా చెప్పావంటే నాలిక కోస్తా' అంది. ఏడుస్తూ అంది ఆ మాట. దెసొలీనా ఏడవగా నేను చూడ్డం అదే మొదలు.

నేను చెప్పేశాను. నాలిక కోస్తే కోసింది. ఎవరికో జ్వరమొస్తే ఊరి డాక్టరు మొరాండో గారు సైకిలు మీద వచ్చారు. ఆయన సంచి సర్దుకుని బయల్దేరుతుంటే హ్యాండిలు పట్టుకుని ఆపి, లోపలికి లాక్కొచ్చాను. మంచాయన, పొట్టిగా ఉండేవాడు, ఎప్పుడూ ముక్కు చీదుకుంటూ ఉండేవాడు. ఆవిణ్ణి పడుకోబెట్టి, కాలెత్తించి, సూదితో అక్కడా ఇక్కడా తాకించి చూశాడు. నేనూరుకుంటానా, 'బాబుగారూ, ఆ చప్పుడేంటండీ' అని అడిగేశాను. ఆయన నా వంక చూసి ముక్కు చీది, 'కీళ్ళ మధ్య కాస్త నీరుంటుందమ్మా, చమురు లాగ. కీలు సాగితే అందులో గాలి బుడగ కట్టి ఫట్మంటుంది. ఎముకా విరగదు, నరమూ తెగదు. ఎప్పుడో ఓసారి, నొప్పి లేకుండా, దానంతటది విరిగితే ఏం కాదు. చప్పుడుకి భయపడక్కర్లేదు' అన్నాడు. నాకెంత సంతోషమేసిందో! ఇన్నాళ్ళ సందేహం తీరిందనుకున్నా. ఇంతలో ఆవిడ వైపు తిరిగి గొంతు మార్చాడు. 'నీ సంగతి వేరు. కాలు తిమ్మిరెక్కింది, స్పర్శ తగ్గింది. వెన్నులోంచి కాల్లోకి దిగే నరం ఎక్కడో నలుగుతోంది. ఇంక ఆ దుంగ మీద వేలాడావంటే కుంటిదానివై పోతావు. వొంగడం కూడా కొన్నాళ్ళు మానాలి.' 'వొంగకుండా కలుపెలా తియ్యాలి బాబూ' అంది దెసొలీనా. ఆయన సంచి మూసి లేచాడు. బయటికెళ్ళి మేస్త్రితో ఏదో గట్టిగా మాట్లాడాడు. మర్నాటి నించీ ఆవిణ్ణి వంటకి మార్చారు. మేస్త్రికీ తన నడుం గుర్తొచ్చి ఉంటుందిలే.

మారిస్తే మాత్రం, ఆ దుంగ మానిందా? మానలేదు! చిక్కుళ్ళేసి వండే ఆ అన్నం గంగాళం ముందు నించుని కలిపి కలిపి బిగుసుకుపోయేది. మేం మడిలో ఉండగా పోయి విరుచుకొచ్చేది. 'డాక్టరు చెప్పాడు గదే' అంటే, 'డాక్టరు నడుం పట్టి చూశాడా, పుస్తకం చూశాడు' అనేది. 'ఎవరైనా తొక్కితే నేనెందుకు వేలాడతాను? తొక్కేవాళ్ళేరి?' అనేది. అదీ నిజమే గదా. నేను తొక్కుతానంటే, 'తలతో పుట్టినదానివి, నీకూ అంటుకుంటుంది, పో' అని తోసేసింది. నా మీద ప్రేమతోనేలే. తన నొప్పి నాకు రాకూడదని.

అప్పుడొచ్చాడు ఎవాసియో. కాలవకి అవతల ఇంకో కమతం, అక్కడ గుర్రాలు చూసుకునేవాడు. ఇంతెత్తు మనిషి, తలుపు లోంచి రావాలంటే తల వంచాలి. నోట్లోంచి మాట రావాలంటే మాత్రం ఎవరైనా చెయ్యి పెట్టి లాగాలి. ఆదివారం పొద్దున, మేం తలలు దువ్వుకుంటుంటే గుమ్మంలో నించున్నాడు, టోపీ రెండు చేతులతో నలిపేస్తూ. 'ఏం కావాలయ్యా' అంది అర్జియా. అర్జియా మా అందరిలోకీ పెద్దది, ముగ్గురు మొగుళ్ళని సాగనంపిన మనిషి. 'నేనూ ఎదురుకాళ్ళే' అన్నాడు. ఎవరికీ అర్థం కాలేదు. 'ఆమె నడుం... నేను తొక్కుతాను' అన్నాడు, దెసొలీనా వైపు చూడకుండా గోడ వైపు చూస్తూ. అమ్మో, ఇంక చూడు గోల! కొందరు నవ్వు, కొందరు తిట్లు. 'ఆడదాని నడుం మగాడు తొక్కడమేంటి, ఫాదరుగారికి తెలిస్తే!' 'నీ గుర్రాల్ని తొక్కుకో పోరా!' అతను చెవుల దాకా ఎర్రబడిపోయాడు గానీ కదల్లేదు.  చివరికి అర్జియా లేచి, 'నోర్ముయ్యండి అందరూ. ఆ పిల్ల కాలు పోతే మీరిస్తారా?' అంది. ఆవిడే షరతులన్నీ పెట్టింది. తలుపులు బార్లా తెరిచి ఉంచాలి. మేమందరం చుట్టూ కూచోవాలి. దెసొలీనా రెండు లంగాలు కట్టుకుని, పైన దుప్పటి కప్పుకోవాలి. అతను మా అందరి ముందూ సబ్బుతో కాళ్ళు కడుక్కోవాలి. అర్జియా కళ్ళద్దాలు పెట్టుకుని గోళ్ళు కూడా చూసింది. కళ్ళు మూసుకోవాలి అని కూడా అంది, కానీ కళ్ళు మూసుకుంటే తల మీద తొక్కుతాడేమోనని ఆ ఒక్కటీ ఒదిలేశారు.

కడ్డీ పట్టుకున్నాడు. అంత మనిషి వేలాడితే కడ్డీ కిర్రుమని వొంగింది, దుప్పట్లన్నీ జారి కిందపడ్డాయి. పాదం పెట్టాడు. ఇప్పుడు దెసొలీనా అడగాలి గదా, 'ఏం తొక్కుతున్నావ్' అని. ఎన్నేళ్ళ నించో జవాబు చెప్పడమే తప్ప ఆవిడెప్పుడూ అడగలేదు. నోటికి రాలేదు ఆ మాట! అందరం గుసగుసగా అందిస్తున్నాం, 'అడగవే, అడుగు'. ఎంతకో అడిగింది, ఎంత చిన్న గొంతుతోనో. అతను చెప్పాడు. అటు, ఇటు, పైకి. నేను చెవులు రిక్కించి కూచున్నాను, ఇప్పుడు ఫట్మంటుంది, ఇప్పుడు ఫట్మంటుంది అని. ఒక్క చప్పుడు రాలేదు. నాకెంత నిరాశో! అయిపోయాక అతను బూట్లు తొడుక్కుంటూ, 'ఎదురుకాళ్ళు తొక్కాక కోతలయ్యేదాకా వెనక్కి విరుచుకోకూడదు. విరిస్తే గుణం పోతుంది. వారం వారం వచ్చి తొక్కుతాను' అన్నాడు. అంత పొడుగు మాట అతను అన్నది జీవితంలో అదొక్కటేనేమో. దెసొలీనా లేచి, వెళ్ళి గంగాళం తోముకుంది. మర్నాడు దుంగ దగ్గరికి పోలేదు. ఆ మర్నాడూ పోలేదు. మొదట్లో నాకే కంగారు పుట్టింది, ఆ చప్పుడు లేకపోయేసరికి. అతను వారం వారం కాళ్ళు కడుక్కుని వచ్చేవాడు. ఆ సీజను అయిపోయేసరికి గిచ్చితే తెలిసేది ఆవిడకి, గిచ్చి చూశాను గదా, చెంప మీద ఒక్కటిచ్చింది. రైలొచ్చింది, అందరం ఎక్కాం, దెసొలీనా ఎక్కలేదు. మంచు పడకముందే ఎవాసియోతో పెళ్ళి. ఆ పెళ్ళికొచ్చే నేను మీ తాతని చూసింది, ఆ సంగతి ఇప్పుడొద్దులే, దొంగసచ్చినోడు, డాన్సు రాదు గానీ నా కాళ్ళు మాత్రం బాగా తొక్కాడు.

తరవాత ఏవయిందంటావా? నేనూ ఈ ఊరికే కాపరానికొచ్చాక, మీ పెద్దమావయ్య పుట్టినప్పుడు, ఊరి మంత్రసాని మిలియెట్టా వాణ్ణి చేతిలోకి తీసుకుని, 'అబ్బో, ఏం తలకాయే తల్లీ, గుమ్మడికాయ! ఎవాసియో తరవాత ఇంత తల మళ్ళీ ఇదే నేను లాగడం' అంది. నాకు నొప్పులన్నీ మాయమైపోయాయి. 'ఎవాసియోది ఎదురుకాళ్ళు గదా?' అన్నాను. 'ఎవరన్నారు? నా చేతులతో లాగాను, తలే ముందు. కాళ్ళతో వచ్చింది వాళ్ళన్న గౌదెన్సియో' అంది. గౌదెన్సియో యుద్ధానికి రష్యా పోయాడు, ఇంక రాలేదు. నాకు పక్క మీద కుదురుంటేనా! చంటివాణ్ణి ఎత్తుకుని బయటికి నడిచే రోజు రాగానే గుర్రాల కొట్టానికి పోయాను. 'ఏవయ్యా, తలతో పుట్టావుటగా' అన్నాను. అతను గుర్రం డెక్క పట్టుకుని ఉన్నాడు, పట్టుకునే ఉండిపోయాడు. దాని వంకే చూస్తూ అన్నాడు: 'రోజూ గట్టు మీంచి చూసేవాణ్ణి. ఆ దుంగ మీద వాలేది. ఏదో ఒకరోజు విరుగుతుంది అనుకునేవాణ్ణి. మా అన్నుంటే వాణ్ణి పంపేవాణ్ణి. వాడు లేడు. నేనొచ్చాను.' 'మరి ఆ వెనక్కి విరుచుకోకూడదన్న మాట?' 'అది నేనే కల్పించాను' అన్నాడు. 'ఆమెకి చెప్పకు నీవెస్, మళ్ళీ దుంగ మీదకి పోతుంది' అని నన్ను పేరు పెట్టి బతిమాలుతూ నా రెండు చేతులూ పట్టుకున్నాడు. చెప్పలేదు. చూడు మరి, కాలు ఎందుకు బాగయింది? తొక్కడం వల్లా, విరవడం మానినందుకా, వొంగే పని తప్పినందుకా? డాక్టరు గారినడిగితే, 'మానినందుకేనమ్మా. అంత లావు మనిషిని నడుం మీద ఎక్కించారా, బుద్ధుందా మీకు!' అని తిట్టాడు. అర్జియానడిగితే కాళ్ళ గుణమే అంది. ఇద్దరూ ఒకేలా బల్ల గుద్ది చెప్పారు. ఊళ్ళోవాళ్ళు ఎవాసియో దగ్గరికీ నడుములు పట్టుకుని వచ్చేవారు. వస్తే, 'నా కాలు ఒక్క నడుముకే అలవాటు' అని దెసొలీనా దగ్గరికి పంపేసేవాడు. ఊరంతా నవ్వుకునేది. అతనికి పాపం భయం, ఎవరికైనా ఏమైనా అవుతుందేమోనని. ఆవిడకి మాత్రం, ముసలివాళ్ళయ్యేదాకా, ఆదివారం గుడి నించి రాగానే కాళ్ళు కడుక్కుని తొక్కేవాడు. చిన్న కడ్డీ ఒకటి వంటింట్లో దూలానికి బిగించుకున్నాడు.

పోయాడు ఎవాసియో. తోటలో టమాటాలు కోస్తూ కోస్తూ కూచుండిపోయాడుట. ఆ చలికాలం నేను రోజూ పోయేదాన్ని ఆవిడ దగ్గరికి. ఒకరోజు తలుపు దగ్గర నించునే విన్నాను, ఫట్మని. ఎన్నేళ్ళయిందే ఆ చప్పుడు విని! లోపల కుర్చీ వెనక చెక్క మీద వాలి విరుచుకుంటోంది, ఆ వయసులో. నాకు ప్రాణం పోయినంత పనైంది. అప్పటికే ఆ కొత్త డాక్టరమ్మ చెప్పింది ఆవిడకి, ఎముకలు గుల్లబారాయి, కుర్రవాళ్ళు విరుచుకుంటే బుడగ పేలుతుంది, మీరు విరుచుకుంటే ఎముకే పేలుతుంది, బతికినన్నాళ్ళూ మంచం మీదే ఉంటారు అని. నాకూ చెప్పింది, చూస్తూ ఉండమంది. 'ఎందుకే ఇలా చంపుతావు నన్ను' అని ఏడ్చాను. 'పట్టేసింది. ఏం చెయ్యమంటావు? తొక్కేవాడు లేడు' అంది. 'నేను తొక్కుతాను. మెల్లిగా, బరువు లేకుండా, ఊరికే కాలానించి రాస్తాను' అన్నాను. 'నువ్వు తలతో పుట్టావు' అంది. ఎన్నాళ్ళ నించో నోరు కట్టుకుని ఉన్నానే. చెప్తే ఆవిడ దగ్గర ఎవాసియో అబద్ధమైపోతాడు. చెప్పకపోతే ఆ కుర్చీ మీద విరిగి చస్తుంది. ఏది చెయ్యను? అక్కడ దేవుడి పటం ఉంది, దాని వైపు చూశాను. చెప్పేశాను. 'దెసొలీనా, ఎవాసియో కూడా తలతోనే పుట్టాడే' అన్నాను.

ఆవిడ నా వైపు చూసింది. కోపం వస్తుందనుకున్నా. 'నాకు తెలీదనుకున్నావా?' అంది. 'మొదటి రోజే తెలుసు. కాలు పెట్టగానే తెలిసింది. జీవితమంతా ఇదే పని చేసినదాన్ని, తొక్కడం వచ్చిన కాలేదో రాని కాలేదో నాకు తెలీదా? గడగడ వణుకుతోందే ఆ కాలు. అంతమంది నడుములు తొక్కాను, నా నడుం ఏమవుతుందోనని వణికినవాడు వాడొక్కడే' అంది. మరి తలతో పుట్టినవాళ్ళు తొక్కకూడదు గదా అంటే, 'వాడికేం అంటుకుంటుందోనని వాడు భయపడలేదు. నేనెందుకు భయపడాలి' అంది.  తరవాత తనే లేచి, వంటింట్లో ఆ కడ్డీ కింద దుప్పటి పరిచింది. నా చెయ్యి పట్టుకుని మెల్లిగా దిగి బోర్లా పడుకుంది. 'తొక్కు మరి' అంది. 'తొక్కుగానీ వణక్కు నీవెస్. వణికావంటే వాడే తొక్కుతున్నాడనుకుంటాను' అంది.

కడ్డీ పట్టుకున్నాను. కాలానించాను, ఊరికే, ఈ చిక్కుడుకాయ బరువు కూడా వెయ్యలేదు. నాకూ అప్పటికి డెబ్బై దగ్గరపడ్డాయి గదే. ఒంటి కాలి మీద నించుంటే వణక్కుండా ఉంటుందా? ఎంత బిగబట్టినా...

వలిచావా అన్నీ? ఇటియ్యి. ఆ కిటికీ వేసెయ్యి, దోమలొస్తున్నాయి.